అత్తెసరు యంత్రంలో పప్పుధాన్యాలు: రైస్ కుక్కర్ పాకవిధాన పరిశీలన

వ్యాస సంగ్రహం:

రైస్ కుక్కర్ వరి అన్నం కోసం రూపొందిన సాధనం. పప్పులు, గింజలు, చిరుధాన్యాలు కూడా అందులోనే వండుకొనే అలవాటు విద్యార్థుల గదుల్లోనూ, ఒంటరిగా నివసించే ఉద్యోగుల ఇళ్ళల్లోనూ, విదేశాల్లోని తెలుగువారి వంటగదుల్లోనూ స్థిరపడింది. ఈ సాధనం ఏ సూత్రం మీద ఆగుతుంది, పప్పు ఏ సూత్రం మీద ఉడుకుతుంది, ఆ రెండూ ఎక్కడ కలుస్తాయి, ఎక్కడ విడిపోతాయి అన్న అంశాలను ఈ వ్యాసం వివరిస్తుంది. రాజ్మా వంటి గింజల విషయంలో ఈ తేడా ఆరోగ్యానికి సంబంధించినది కాబట్టి దానిని ప్రత్యేకంగా పరిశీలిస్తుంది.

కీలక పదాలు: అత్తెసరు, ఎసరు, కట్టు, రైస్ కుక్కర్, పప్పుధాన్యాలు, పెక్టిన్, రాజ్మా, చిరుధాన్యాలు, పులగం.

1. ఉపోద్ఘాతం

అన్నం వండే పద్ధతులకు తెలుగులో రెండు స్పష్టమైన మాటలున్నాయి. ఎసరు సమృద్ధిగా పెట్టి, మెతుకు ఉడికిన తరువాత మిగిలిన గంజిని వంచివేయడం వార్చడం. బియ్యం పీల్చుకోగలిగినంత నీటినే కొలిచి పోసి, వార్చే పని లేకుండా ఇగిర్చి దించడం అత్తెసరు. విద్యారంగంలో ఉన్నవారికి ఈ రెండో మాట మరో సందర్భంలో సుపరిచితం. ఒక్క మార్కు కూడా మిగలకుండా, సరిగ్గా సరిపోయినన్నింటితో గట్టెక్కిన విద్యార్థిని అత్తెసరు మార్కులతో ఉత్తీర్ణుడయ్యాడంటాం. వంటింటి కొలత పరీక్షల కొలతగా మారిన తీరు అది.

రైస్ కుక్కర్‌కు తెలుగు పేరు పెట్టవలసివస్తే ‘అత్తెసరు యంత్రం’ అన్నదే దాని స్వభావానికి దగ్గరగా ఉంటుంది. అది చేయగలిగినది అత్తెసరు ఒక్కటే. నీరు ఉన్నంతసేపు మరిగిస్తుంది, నీరు ఇంకిపోగానే ఆగుతుంది. వార్చడం దానికి తెలియదు, ఉడికిందో లేదో చూడడం అంతకన్నా తెలియదు.

పప్పు మన వంటలో అత్తెసరు పదార్థం కాదు. పప్పును ఎక్కువ నీటిలో ఉడికించి, పైన తేరిన కట్టును చారుకు వంచుకొని, అడుగున మిగిలిన ముద్దను పప్పుగుత్తితో ఎనుపుతారు. ఉలవలను గంటల తరబడి ఉడికించి, ఆ కట్టునే మరిగించి చిక్కబరిస్తే ఉలవచారు అవుతుంది. అక్కడ నీరు మిగలడమే ఉద్దేశం. మిగిలిన నీటితో పని ఉన్న వంటను, నీరు మిగలకూడదన్న నియమం మీద నడిచే సాధనంలో పెట్టినప్పుడు ఏమవుతుందన్నది ఇక్కడి ప్రశ్న.

2. మీట పైకి లేవడం వెనుక ఉన్న సూత్రం

విద్యుత్తుతో అన్నం వండే ప్రయత్నాలు జపానులో రెండో ప్రపంచయుద్ధానికి ముందే జరిగినా, తనంతట తాను ఆగే గృహోపయోగ సాధనం 1955 డిసెంబరులో తోషిబా సంస్థ ద్వారా విపణిలోకి వచ్చింది. దానిని రూపొందించినవారు యోషితాదా మినామి. ఆయన భార్య ఫుమికో రోజుల తరబడి అన్నం వండి, ఉష్ణోగ్రతలు నమోదు చేస్తూ పరీక్షలు నిర్వహించారు. ఆ తొలి నమూనాలో రెండు గిన్నెలుండేవి. లోపలి గిన్నెలో బియ్యం, నీరు. వెలుపలి గిన్నెలో ఒక కప్పు నీరు. వెలుపలి నీరు ఆవిరయ్యేందుకు సుమారు 20 నిమిషాలు పడుతుంది. అది పూర్తిగా ఆవిరి కాగానే అడుగు ఉష్ణోగ్రత 100 డిగ్రీలు దాటుతుంది, ద్విలోహపు పలక వంగి విద్యుత్తును ఆపుతుంది. అంటే వెలుపలి నీరే ఆ యంత్రానికి గడియారం. ఈ వివరాన్ని పాఠకులు గుర్తుంచుకోవాలని మనవి. నాలుగో భాగంలో దానితో పని ఉంది.

నేడు మన ఇళ్ళల్లో కనిపించే ఒక మీట ఉన్న సాధారణ కుక్కర్‌లో గిన్నె ఒక్కటే. వేడిపలక మధ్యలో స్ప్రింగు మీద నిలిచే చిన్న గుండ్రని బిళ్ళ ఉంటుంది. గిన్నె అడుగు దానికి ఆనుకొని ఉంటుంది. ఆ బిళ్ళలో ఫెర్రైట్ అనే అయస్కాంత పదార్థం ఉంటుంది. మీట నొక్కినప్పుడు కింద ఉన్న అయస్కాంతం దానికి అతుక్కొని విద్యుత్తు ప్రవహిస్తుంది. ప్రతి అయస్కాంత పదార్థానికీ ఒక నిర్దిష్ట ఉష్ణోగ్రత దగ్గర ఆ గుణం నశిస్తుంది. దానినే క్యూరీ ఉష్ణోగ్రత అంటారు. కుక్కర్‌లోని ఫెర్రైట్‌కు అది 100 డిగ్రీలకు కొద్దిగా పైన ఉండేలా తయారు చేస్తారు. గిన్నెలో స్వేచ్ఛగా నీరున్నంతవరకు అడుగు ఉష్ణోగ్రత మరుగు స్థానాన్ని పెద్దగా దాటదు. నీరు ఇంకగానే ఉష్ణోగ్రత పెరుగుతుంది, ఫెర్రైట్ తన గుణాన్ని కోల్పోతుంది, స్ప్రింగు అయస్కాంతాన్ని విడదీస్తుంది, మీట ‘టక్’మని లేస్తుంది. ఈ గుణాన్ని విస్తారంగా పరిశీలించినది పియరీ క్యూరీ 1895లో సమర్పించిన డాక్టరేట్ సిద్ధాంత గ్రంథం. పరిశోధన గ్రంథాలు అటకెక్కుతాయని నిట్టూర్చే పరిశోధక విద్యార్థులకు ఇది కొంత ఊరట.

ఇందులో గ్రహించవలసినది ఒకటుంది. యంత్రం కొలిచేది గిన్నె అడుగు ఉష్ణోగ్రతను. గింజ మెత్తబడిందా అన్న ప్రశ్న ఆ కొలతలో ఎక్కడా లేదు. వరి విషయంలో ఆ రెండు ఘటనలూ ఒకే సమయానికి వచ్చేలా మనం నీటిని కొలిచి పోస్తాం. యాదృచ్ఛికతను ముందుగా ఏర్పాటు చేసుకుంటామన్నమాట. సూక్ష్మ సంగణకం అమర్చిన ఖరీదైన నమూనాలు ఉష్ణోగ్రత పెరిగే వేగాన్ని బట్టి నీటి పరిమాణాన్ని అంచనా వేస్తాయి. అయినా గింజను రెండు వేళ్ళ మధ్య నలిపి చూడగలిగే నమూనా ఏదీ లేదు.

3. పప్పు ఉడకడమంటే ఏమిటి

బియ్యపు గింజలో ప్రధానంగా ఉన్నది పిండిపదార్థం. సుమారు 65 నుంచి 75 డిగ్రీల మధ్య అది నీటిని పీల్చి ఉబ్బి మెత్తబడుతుంది. నీరు, వేడి గింజ మధ్యభాగానికి చేరితే చాలు, పని పూర్తయినట్టే. అన్నం పలుకుగా ఉందంటే నీరు నడిమికి చేరలేదని అర్థం.

పప్పులోనూ పిండిపదార్థం ఉంది. కానీ అది దృఢమైన కణకవచాల లోపల ఉంటుంది. ఒక కణాన్ని మరో కణంతో అంటిపెట్టే జిగురు పదార్థం పెక్టిన్. కందిపప్పు మెదగాలంటే ఈ పెక్టిన్ కరిగి కణాలు ఒకదాని నుంచి ఒకటి విడిపోవాలి. పిండిపదార్థం ఉబ్బిన తరువాత కూడా చాలాసేపటి వరకు ఈ పని సాగుతూనే ఉంటుంది. పప్పు బద్ద చూడడానికి ఉబ్బి, ఉడికినట్టు కనిపించి, గుత్తికి మాత్రం లొంగని స్థితి ఒకటుందని వంట చేసేవారందరికీ తెలుసు. నీరు చేరింది, పెక్టిన్ కరగలేదు.

పెక్టిన్ కరిగే వేగం ఉష్ణోగ్రత మీద బాగా ఆధారపడుతుంది. ప్రెషర్ కుక్కర్‌లో నీరు సుమారు 120 డిగ్రీల వరకు వేడెక్కుతుంది కాబట్టి అక్కడ కొద్ది కూతలతో పని ముగుస్తుంది. రైస్ కుక్కర్ మూతకు ఆవిరి పోయే రంధ్రం ఉంటుంది, లోపల ఒత్తిడి పెరగదు. సముద్రమట్టానికి సుమారు 540 మీటర్ల ఎత్తున్న హైదరాబాదులో నీరు 98 డిగ్రీల దగ్గరే మరుగుతుంది. ఇంకా ఎత్తయిన అరకులోయలో మరికొంత తక్కువ.

రెండో అంశం నీటి స్వభావం. సున్నపు లవణాలలోని కాల్షియం, మెగ్నీషియం పెక్టిన్‌ను పట్టి బిగిస్తాయి. రెండు రకాల బావులున్న ఊళ్ళలో పప్పు ఉడకడానికి ‘మంచినీళ్ళు’ తేవాలని, ‘ఉప్పునీళ్ళ’లో ఉడకదని పెద్దలనే మాటకు ఆధారం ఇదే. అక్కడ ‘ఉప్పు’ అన్నది మనం కూరలో వేసే ఉప్పు కాదు, నీటి కఠినత్వం. వంట ఉప్పు నిజానికి దీనికి విరుద్ధంగా పనిచేస్తుంది. గింజలను నానబెట్టే నీటిలో లీటరుకు రెండు చిన్న చెంచాల ఉప్పు కలిపితే సోడియం కొంతమేరకు కాల్షియం, మెగ్నీషియంల స్థానాన్ని ఆక్రమించి తొక్కను మెత్తబరుస్తుంది. ముందే ఉప్పు వేస్తే పప్పు ఉడకదన్న నమ్మకం ఈ రెండు అర్థాల కలగలుపు వల్ల బలపడి ఉండవచ్చునని నా ఊహ. భాషా పరిశోధకులు ఎవరైనా పరిశీలించదగిన విషయం.

పులుపు సంగతి వేరు. ఆమ్లం సమక్షంలో పెక్టిన్ కరగడం మందగిస్తుంది. చింతపండు పులుసును పప్పు మెదిగిన తరువాతనే పోయడం ఇందుకే. మామిడికాయ ముక్కలు, గోంగూర, టమాటాలను కందిపప్పుతో కలిపి ప్రెషర్ కుక్కర్‌లో పెట్టే అలవాటు నేడు సర్వసాధారణం. 120 డిగ్రీల వేడి ఆ ఆలస్యాన్ని కప్పిపుచ్చుతుంది. రైస్ కుక్కర్‌లో అది సాగదు. గోంగూరను విడిగా మగ్గించి, ఉడికిన పప్పులో కలపడమే మార్గం. వంటసోడా చిటికెడు వేస్తే పప్పు త్వరగా మెత్తబడుతుంది కానీ క్షారం వల్ల బి1 విటమిన్ నశిస్తుంది, రుచీ మారుతుంది. దానిని చివరి ఉపాయంగానే ఉంచుకోవాలి.

ఇక పాత పప్పు. వేడి, తేమ ఉన్నచోట నెలల తరబడి నిల్వ ఉన్న గింజలో ఫైటేట్ అనే పదార్థం క్రమంగా విచ్ఛిన్నమై, తాను పట్టి ఉంచిన కాల్షియం, మెగ్నీషియంలను విడిచిపెడుతుంది. అవి పెక్టిన్‌ను గట్టిపరుస్తాయి. కోస్తా వాతావరణంలో రెండు వానాకాలాలు చూసిన శనగలను ఎంత ఉడికించినా బిరుసుగానే ఉండడానికి కారణం గింజలోనే ఉంది. వండేవారి నేర్పును తప్పుపట్టనవసరం లేదు.

4. కందిపప్పు: రెండు వైఫల్యాలు, రెండు మార్గాలు

రైస్ కుక్కర్‌లో కందిపప్పు పెట్టినవారికి ఎదురయ్యే ఇబ్బందులు రెండు, అవి పరస్పర విరుద్ధమైనవి. మొదటిది, మీట తొందరపడి లేవడం. పప్పు బద్దలు అడుగుకు చేరి, చిక్కని పొరగా పేరుకుంటాయి. ఆ పొర గుండా వేడి పైనున్న నీటికి సులభంగా చేరదు. పైన రెండంగుళాల నీరు ఉన్నప్పటికీ అడుగు ఉష్ణోగ్రత క్యూరీ స్థాయిని దాటి, యంత్రం పని ముగిసిందని నిర్ణయిస్తుంది. రెండోది, మీట ఎంతకూ లేవకపోవడం. నీరు ధారాళంగా పోసి, బద్దలు కదులుతూ ఉంటే నీరున్నంతసేపూ కుక్కర్ మరిగిస్తూనే ఉంటుంది. ఈలోగా మాంసకృత్తులు, సపోనిన్లు కలిసి కట్టిన నురుగు మూత రంధ్రం గుండా పొంగి, గిన్నెకూ వేడిపలకకూ మధ్యకు జారుతుంది. పలక మీద ఎండిన ఆ పొర తరువాతి రోజుల్లో అన్నాన్ని కూడా సరిగా వండనివ్వదు. తడిసిన విద్యుత్ భాగాల ప్రమాదం సరేసరి.

అందువల్ల పప్పు వండేటప్పుడు మీటను గడియారంగా భావించకూడదు. కాలం మన చేతిలో ఉండాలి. ఒక కొలత కందిపప్పును కడిగి, వేడినీటిలో గంటసేపు నానబెట్టాలి. నానిన పప్పుకు మూడున్నర నుంచి నాలుగు కొలతల నీరు పోసి, చెంచాడు నూనె, చిటికెడు పసుపు వేయాలి. నూనె నురుగును అణచుతుంది. గిన్నె సగానికి మించి నిండకూడదు. మరుగు పట్టేవరకు మూత వారగా ఉంచి, పైకి తేలిన నురుగును గరిటెతో తీసివేసి, ఆ తరువాత మూత పెట్టాలి. పది నిమిషాలకొకసారి అడుగు వరకు కలపాలి. సాధారణంగా 35 నుంచి 45 నిమిషాలలో పప్పు మెదగడానికి సిద్ధమవుతుంది. మధ్యలో మీట లేస్తే మరిగిన నీటినే చేర్చాలి. చన్నీళ్ళు పోస్తే మరుగు ఆగి కాలం వృథా అవుతుంది. మీటను వెంటనే నొక్కినా నిలవదు. ఫెర్రైట్ చల్లబడి తన గుణాన్ని తిరిగి పొందేవరకు రెండు మూడు నిమిషాలు ఆగాలి. బలవంతంగా మీటకు అడ్డం పెట్టి నిలబెట్టే అలవాటు కొన్ని గదుల్లో కనిపిస్తుంది. ఆ పని యంత్రానికున్న ఏకైక రక్షణను తొలగించడమే.

నీటి లెక్క ఒకటి చూద్దాం. 700 వాట్ల కుక్కర్ 45 నిమిషాలలో అందించే శక్తి 1,890 కిలోజౌళ్ళు. ఒక కిలో నీటిని ఆవిరిగా మార్చడానికి సుమారు 2,257 కిలోజౌళ్ళు కావాలి. అంటే ఆ శక్తి అంతా ఆవిరికే ఖర్చయితే 800 మిల్లీలీటర్లకు పైగా నీరు పోతుంది. మూతకు తగిలి తిరిగి జారే నీటిచుక్కలు, చుట్టూ పోయే వేడి వల్ల వాస్తవంలో అంతకన్నా తక్కువే పోతుంది. అయినా పప్పును గంటసేపు వదిలి తరగతికి వెళ్ళకూడదని చెప్పడానికి ఈ లెక్క చాలు. విద్యుత్తు ఖర్చు మాత్రం అర యూనిట్‌కు కాస్త పైన, అంతే.

రెండో మార్గం గిన్నెలో గిన్నె. నానిన పప్పును తగిన నీటితో ఒక చిన్న స్టీలు గిన్నెలో ఉంచి, దానిని కుక్కర్ గిన్నెలోని నీటిలో నిలిపి మూత పెట్టాలి. అప్పుడు పప్పు అడుగుకు చేరినా పలకకు తాకేది వెలుపలి నీరే కాబట్టి మీట తొందరపడదు. నురుగు పొంగినా వెలుపలి నీటిలోనే పడుతుంది. వెలుపలి నీరు అయిపోయినప్పుడే యంత్రం ఆగుతుంది. ఇది మినామి 1955లో అనుసరించిన సూత్రమే. ఎంత నీరు పోస్తే ఎంతసేపు నడుస్తుందో తమ కుక్కర్‌లో ఒకసారి ఖాళీ గిన్నెతో కొలిచి రాసుకుంటే, ఆ నీటి కొలతే గడియారంగా ఉపయోగపడుతుంది. ఈ పద్ధతిలో లోపలి పప్పు పెద్దగా కుతకుత ఉడకదు కాబట్టి పది పదిహేను నిమిషాలు అదనంగా పడుతుంది. నా దృష్టిలో కందిపప్పుకు, పెసరపప్పుకు ఇదే మేలైన పద్ధతి. కింద చెప్పబోయే రాజ్మాకు మాత్రం దీనిని వాడరాదు.

5. రాజ్మా: ఉడకడం, వేడెక్కడం ఒకటి కాదు

రాజ్మా తెలుగువారి పాత వంటలలో లేదు. అయితే విశాఖ మన్యంలోని చింతపల్లి, పాడేరు ప్రాంతాలలో అది సాగవుతోంది. నగరాల్లో, విద్యార్థుల గదుల్లో వాడకం బాగా పెరిగింది. ఎర్ర రాజ్మా గింజలో ఫైటోహీమాగ్లుటినిన్ అనే విషప్రాయమైన మాంసకృత్తు అధికంగా ఉంటుంది. ఎర్ర రక్తకణాలను ముద్దకట్టించే గుణాన్ని బట్టి దీనిని కొలుస్తారు. అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఇచ్చిన వివరాల ప్రకారం పచ్చి గింజలో ఈ కొలత 20,000 నుంచి 70,000 యూనిట్ల వరకు ఉండగా, పూర్తిగా ఉడికిన గింజలో 200 నుంచి 400కు పడిపోతుంది. నాలుగైదు పచ్చి గింజలు తిన్నా లక్షణాలు కనిపించవచ్చు. తిన్న ఒకటి నుంచి మూడు గంటలలో తీవ్రమైన వాంతులు, ఆ తరువాత విరేచనాలు కలుగుతాయి.

ఇక్కడ రైస్ కుక్కర్‌తో సంబంధం ఏమిటంటే, గింజలను మరుగు స్థాయికి చేరనీయకుండా 80 డిగ్రీల దగ్గర చాలాసేపు వేడి చేస్తే ఈ విషగుణం తగ్గకపోగా అనేక రెట్లు పెరగవచ్చునని అదే సంస్థ హెచ్చరిస్తోంది. కుక్కర్ మీట లేచిన తరువాత ఉండే ‘వార్మ్’ స్థితి గిన్నెను సుమారు 60 నుంచి 75 డిగ్రీల మధ్య ఉంచుతుంది. మీట తొందరపడి లేచింది, గింజ ఇంకా బిరుసుగా ఉంది, వేడిగానే ఉంది కదా అని రాత్రంతా అలాగే వదిలేశారు, ఉదయానికి కొంత మెత్తబడింది అనుకుందాం. చూపుకు అది ఉడికిన రాజ్మాయే. తాకితే మెత్తనిదే. లోపలి విషగుణం మాత్రం నశించినట్టు కాదు. కందిపప్పు పలుకుగా ఉంటే భోజనం రుచించదు. రాజ్మా విషయంలో ఆసుపత్రి మెట్లు ఎక్కవలసి రావచ్చు.

కాబట్టి రాజ్మాను కనీసం 5 గంటలు, వీలైతే రాత్రంతా నానబెట్టి, ఆ నీటిని పారబోసి, మంచినీటిలో కనీసం 30 నిమిషాలు బుడగలు వచ్చేలా మరిగించాలి. ఈ 30 నిమిషాలను మరుగు మొదలైన క్షణం నుంచి లెక్కించాలి. మెత్తబడడానికి మొత్తం గంటకు పైగానే పడుతుంది. నీరు గింజల పైన రెండంగుళాలు నిలిచేలా చూసుకుంటే మీట లేవదు. ధారాళంగా నీరు పోస్తే యంత్రం ఆగదన్న లోపమే ఇక్కడ మనకు ఉపకరిస్తుంది. ఉలవలకు, శనగలకు, బొబ్బర్లకు కూడా ఇదే పద్ధతి వర్తిస్తుంది కానీ వాటిలో ఈ ప్రమాదం రాజ్మాలో ఉన్నంత లేదు.

నానబెట్టడంలో మన ఎండలను కూడా లెక్కలోకి తీసుకోవాలి. రాయలసీమలోనో తెలంగాణలోనో మే నెలలో గది ఉష్ణోగ్రత 35 డిగ్రీలు దాటినప్పుడు ఎనిమిది గంటలు నానిన గింజలు పులిసి, నీరు జిగటగా మారుతుంది. మధ్యలో ఒకసారి నీరు మార్చాలి, లేదా ఫ్రిజ్‌లో నానబెట్టాలి. ఉడికిన పప్పును చల్లారిన కుక్కర్‌లోనే మూతపెట్టి వదిలేయడమూ మంచిది కాదు. మరుగును తట్టుకొని నిలిచే సూక్ష్మజీవుల బీజాలు గోరువెచ్చని పప్పులోనూ అన్నంలోనూ మళ్ళీ వృద్ధి చెందుతాయి.

6. ధాన్యాలు, పులగం

చిరుధాన్యాలలో కొర్రలు, సామలు, ఊదలు వరికి దగ్గరివి. ఇవి అత్తెసరుకు ఒదుగుతాయి. తౌడు పొర తీయని కొర్రలైతే రెండు గంటలు నానబెట్టి, ఒకటికి రెండున్నర కొలతల నీరు పోస్తే మీట లేచే వేళకు అన్నం సిద్ధమవుతుంది. పాలిష్ పట్టినవాటికి రెండు కొలతలు చాలు. దంపుడు బియ్యానికీ ఇదే లెక్క. కుక్కర్‌తో ఇచ్చే చిన్న కప్పు 180 మిల్లీలీటర్లదని, వంట పుస్తకాలలోని 240 మిల్లీలీటర్ల కప్పు కాదని గమనించాలి. ధాన్యం పరిమాణం రెట్టింపు చేసినప్పుడు నీటిని రెట్టింపు కన్నా కాస్త తక్కువగా పోయాలి. గింజ పీల్చే నీరు రెట్టింపవుతుంది కానీ ఆవిరిగా పోయే నీరు ఆ నిష్పత్తిలో పెరగదు. జొన్నలు, సజ్జలు గింజలుగా వండాలంటే రాత్రంతా నానాలి, గంటసేపు ఉడకాలి. వాటిని పప్పుల పద్ధతిలోనే చూడాలి. రాగి సంకటి ఈ యంత్రానికి లొంగదు. పిండి అడుగుకు చేరగానే మీట లేస్తుంది, తెడ్డుతో కలియబెట్టనిదే ముద్ద కుదరదు.

బియ్యం, పప్పు కలిపి వండే సంప్రదాయ వంటకాలను ఈ దృష్టితో చూస్తే ఆసక్తికరమైన అంశం బయటపడుతుంది. పులగంలోనూ, కట్టెపొంగలిలోనూ వేసేది ప్రధానంగా పెసరపప్పు. తొక్క తీసిన పెసరపప్పు పల్చని బద్ద, త్వరగా నీరు పీల్చుతుంది, దాదాపు బియ్యంతో పాటే ఉడుకుతుంది. కంది, శనగపప్పులకు ఆ కాలం చాలదు. బియ్యం ఉడికే సమయానికే తానూ ఉడికే పప్పు ఏదో మన వంటిళ్ళు గడియారం లేకుండానే నిర్ధారించుకున్నాయి. రైస్ కుక్కర్ ఆగే సూత్రానికీ పప్పు ఉడికే సూత్రానికీ వైరుధ్యం లేని చోటు ఇదొక్కటే. రెండు కొలతల బియ్యానికి ఒక కొలత పెసరపప్పు, కొద్దిగా వేయించి కడిగి, అరగంట నానబెట్టి, ఏడు కొలతల నీరు పోసి, మిరియాలు, జీలకర్ర, ఉప్పు వేసి మీట నొక్కితే చాలు. గట్టిగా కావాలనుకునేవారు ఒక కొలత నీరు తగ్గించుకోవచ్చు. మీట లేచిన తరువాత పది నిమిషాలు మూత తీయకుండా ఉంచితే అడుగు పొరలోని తేమ పైకి సర్దుకుంటుంది, గరిటెకు అడుగు అంటదు. అదే కొలతలతో పెసరపప్పు బదులు కందిపప్పు వేస్తే బియ్యం ముద్దయిపోతుంది, పప్పు మాత్రం పలుకుగానే పంటికి తగులుతుంది.